పాత కారుకు వేరే హెడ్‌లైట్లు: అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ రాసేది ఎక్కువగా అంబాసిడర్ గురించే, ఎందుకంటే మన దగ్గర ఇంకా రోడ్డు మీద తిరుగుతున్న పాత బండ్లలో ఎక్కువ అదే. పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, పాత జీపుల వాళ్లకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

రాత్రిపూట నా అంబాసిడర్‌లో రోడ్డు సరిగ్గా కనబడట్లేదు. ఎల్ఈడీలు పెట్టిస్తే అయిపోతుందిగా?

అయిపోవచ్చేమో గానీ, డబ్బులు పెట్టేముందు అసలు లోపం లైట్‌లో ఉందా లైట్‌దాకా వచ్చే కరెంటులో ఉందా అన్నది చూడండి. నేను చూసిన బండ్లలో చాలావాటికి లైట్ బాగానే ఉంటుంది, దానికి తిండి అందట్లేదు, అంతే.

పాత అంబాసిడర్‌లో హెడ్‌లైట్ కరెంటు ఎలా వెళ్తుందో ఒకసారి ఊహించుకోండి. బ్యాటరీ దగ్గర బయల్దేరి డ్యాష్‌బోర్డు మీద ఉన్న స్విచ్‌కి వస్తుంది, అక్కణ్నుంచి కాలి కింద ఉండే డిప్పర్‌కి (డిమ్, బ్రైట్ మార్చే స్విచ్), మళ్లీ ఇంజన్ గదిలోకి, రేడియేటర్ ముందు నుంచి రెండు పక్కలకూ, మధ్యలో బుల్లెట్ కనెక్టర్లు, చివరికి డూమ్ (లైట్ కూర్చునే రేకు గిన్నె) వెనక హోల్డర్. ఇంత దారిలో రిలే అనేది, అంటే స్విచ్ చిన్న సైగ ఇస్తే పెద్ద కరెంటుని తానే కలిపే డబ్బా, ఒక్కటి కూడా ఉండదు. రెండు లైట్ల పూర్తి కరెంటూ ఆ సన్నటి తీగల్లోంచి, కార్బన్ పట్టిన ఆ స్విచ్‌లోంచే పోవాలి. పైగా కాలి డిప్పర్ ఉండేది నేల మీద, అంటే వర్షాకాలం చెప్పుల తడంతా దాని మీదే. ప్రతి జాయింటు దగ్గరా కొంచెం కొంచెం వోల్టేజి పోతూ, లైట్‌కి చేరేసరికి ఒకటిన్నర, రెండు వోల్టులు మాయం.

రెండు వోల్టులే కదా అనుకోవద్దు. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. కాబట్టి మీరు తిట్టుకుంటున్న ఆ పసుపు మసక వెలుతురు చాలాసార్లు తీగల పుణ్యమే. వైరింగ్ సరిచేసి ఒక రాత్రి నడిపి చూడండి, తర్వాత కూడా చాలకపోతే అప్పుడు లైట్లు మార్చే మాట మాట్లాడుకుందాం.

వోల్టేజి ఎంత పోతోందో ఎలా తెలుస్తుంది?

మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, లైట్లు వేయండి. మీటర్ ఒక తీగ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది హెడ్‌లైట్ హోల్డర్‌లో కరెంటు వచ్చే పిన్ను మీద పెట్టండి. హోల్డర్ బల్బుకి తగిలించి ఉండగానే చూడాలి, ఊడదీసి చూస్తే లోడ్ ఉండదు కాబట్టి అంతా బాగున్నట్టే చూపిస్తుంది. అర వోల్టు లోపు ఉంటే పర్వాలేదు. ఒక వోల్టు దాటితే పని ఉన్నట్టే.

అలాగే ఎర్త్ వైపు, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి కూడా చూడాలి, బ్యాటరీ మైనస్‌కీ హోల్డర్ ఎర్త్ పిన్నుకీ మధ్య. దీన్ని చాలామంది ఎలక్ట్రీషియన్లు వదిలేస్తారు. రెండుసార్లు పెయింట్ పడిన బండికి ఎర్త్ స్క్రూ కింద పెయింటే ఉంటుంది, ఇనుము తగలదు. స్క్రూ విప్పి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగిస్తే పైసా ఖర్చు లేకుండా వెలుతురు పెరిగిన బండ్లున్నాయి.

రిలేలు పెట్టించాలంటే ఏం చెప్పాలి? మా మెకానిక్ "అవసరం లేదు సార్" అంటున్నాడు.

డిమ్‌కి ఒక రిలే, బ్రైట్‌కి ఒక రిలే, మొత్తం రెండు. మామూలు 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది. దాని పిన్నుల నంబర్లు ప్రపంచమంతా ఒకటే: 30కి బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజ్ గుండా తీగ, 87 నుంచి లైట్లకు, 85 ఎర్త్, 86కి ఇదివరకు లైట్‌కి వెళ్లే పాత తీగ. అంటే పాత స్విచ్, కాలి డిప్పర్ అలాగే ఉంటాయి, కానీ అవి ఇక రిలేకి సైగ చేసే పనే చేస్తాయి, బరువు మోయవు. స్విచ్‌లు కూడా ఎక్కువ కాలం బతుకుతాయి.

రెండు 60 వాట్ల ఫిలమెంట్లంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. అందుకని ఒక్కో రిలేకి 15 ఆంపియర్ల ఫ్యూజ్, బ్యాటరీ నుంచి వచ్చే తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది. ఎర్త్ తీగ కూడా అంతే మందం. ఫ్యూజ్‌ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టించండి. మధ్యలో ఎక్కడో పెడితే బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య తీగ ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

లూకాస్ (పాత బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ) పద్ధతి వైరింగ్‌లో రంగులు చెదరకుండా ఉంటే నీలం-తెలుపు తీగ బ్రైట్‌ది, నీలం-ఎరుపు డిమ్‌ది, నలుపు ఎర్త్. కానీ ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు. నేను చూసిన ఒక బండిలో అన్ని తీగలూ ఎరుపే. టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాకే కలపండి.

అన్ని పాత కార్లకూ ఒకే సైజు లైటా?

చాలావాటికి. 7 అంగుళాల గుండ్రటి లైట్ అమెరికాలో 1940 మోడళ్లతో ప్రామాణికం అయింది, తర్వాత ప్రపంచమంతా పాకింది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌కి వచ్చిందీ అదే. మార్క్ 1, మార్క్ 2 అంటూ మోడళ్లు మారాయి, గ్రిల్లులు మారాయి, 2014 మేలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా మన కళ్లలో మెదిలే ఆ గుండ్రటి కళ్లు మాత్రం ఉండిపోయాయి. జీపుదీ అదే సైజు కావడం మన అదృష్టం, దానివల్లే ఈ సైజు లైట్లు ఇవాళ్టికీ కొత్తవి తయారవుతున్నాయి. నాలుగు లైట్ల బండ్లకు సాధారణంగా ఐదుముప్పావు అంగుళాలవి వస్తాయి. ఏదైనా సరే, కొనేముందు క్రోమ్ రింగు విప్పి గ్లాసు అడ్డంగా కొలవండి. 7 అంగుళాలంటే 178 మిల్లీమీటర్లు.

సీల్డ్ బీమ్ తీసేసి హెచ్-4 పెట్టడం అంటే ఏమిటి?

సీల్డ్ బీమ్‌లో గ్లాసు, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ అన్నీ కలిపి ఒకటే ముద్ద. ఫిలమెంట్ పోతే మొత్తం పారేయాలి. హెచ్-4 యూనిట్ అంటే అదే సైజు గ్లాసు, రిఫ్లెక్టర్, వెనక బల్బు మార్చుకునే చోటు. బల్బు 60/55 వాట్ల హాలోజన్, అంటే బ్రైట్ 60, డిమ్ 55. వెనక మూడు పిన్నుల హోల్డర్ కూడా 7 అంగుళాల సీల్డ్ బీమ్‌ది దీనికి నేరుగా సరిపోతుంది. బాడీకి ఒక్క రంధ్రం కూడా చేయక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాతది పెట్టేసుకోవచ్చు.

ఒక్కటే మాట అడిగితే నా సలహా ఇదే: మంచి హెచ్-4 యూనిట్, మంచి కంపెనీ 60/55 బల్బు, రిలేలు. చాలా బండ్లకు ఇక్కడితో కథ అయిపోతుంది. బయటికి చూడ్డానికి కూడా పాత లైట్‌లాగే గీతల గ్లాసుతో ఉంటుంది, బండి ముఖం మారదు.

అదే బల్బులో 100/90 వాట్లది వేస్తే?

వద్దు. లారీల వాళ్లు వేస్తారు, ర్యాలీల్లో వేస్తారు, నిజమే. కానీ పాత తీగల మీద వేస్తే హోల్డర్ ప్లాస్టిక్ కరుగుతుంది, ఆ వేడికి రిఫ్లెక్టర్ పాలిష్ ఊడుతుంది, రోడ్డు మీద వాడకానికి చట్టప్రకారం ఆ వాటేజీ కుదరదు కూడా. రిలేలు పెట్టిన 60/55, రిలేలు లేని 100/90 కంటే బాగా వెలగడం మీరే చూస్తారు.

ఉన్న హెచ్-4 యూనిట్‌లో బల్బు మాత్రం తీసేసి ఎల్ఈడీ బల్బు పెట్టుకోవచ్చా? ఆన్‌లైన్‌లో చాలా చవకగా ఉన్నాయి.

దీని మీద రోజూ గొడవే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, వద్దు.

హెచ్-4 బల్బు లోపల డిమ్ ఫిలమెంట్ కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. దాని పని ఏమిటంటే, ఫిలమెంట్ వెలుతురు రిఫ్లెక్టర్ పైసగం మీదే పడేలా చూడటం. పైసగం మీద పడిన వెలుతురు కిందికి, అంటే రోడ్డు మీదికి వంగుతుంది. కింద సగం మీద పడితే పైకి లేస్తుంది, ఎదుటివాడి కళ్లలోకి. ఈ లెక్కంతా ఫిలమెంట్ ఎక్కడ ఉందన్నదాని మీద మిల్లీమీటర్లలో నడుస్తుంది. ఎల్ఈడీ బల్బులో చిప్పులు అటూ ఇటూ ఒక పలక మీద అతికించి ఉంటాయి, వాటి ఆకారం, మందం ఫిలమెంట్‌తో పోలికే ఉండదు. కాబట్టి రిఫ్లెక్టర్ ఆ వెలుతుర్ని ఎటు పడితే అటు చిమ్ముతుంది. మీకేమో బండి ముందు ఇరవై అడుగులు పాలు ఒలికినట్టు తెల్లగా కనబడి "అబ్బ, ఏం వెలుతురు" అనిపిస్తుంది. అసలు కావాల్సిన దూరం మాత్రం కనబడదు. కళ్లు ముందున్న తెలుపుకి అలవాటుపడి, టెయిల్ లైట్ లేకుండా వెళ్తున్న చెరకు ట్రాక్టర్ దగ్గరికొచ్చేదాకా తెలియదు.

సరే, మొత్తం యూనిటే ఎల్ఈడీది పెడితే?

అది వేరే సంగతి. దానికి సొంత లెన్సు, సొంత కటాఫ్ (డిమ్ వెలుతురు పైకి పోకుండా ఆపే అంచు) డిజైన్ ఉంటాయి కాబట్టి మంచిదైతే హాలోజన్ కంటే బాగా పనిచేస్తుంది, కరెంటు కూడా తక్కువ తింటుంది. అయితే కొనేముందు చూడాల్సినవి ఉన్నాయి.

మొదటిది, ఎడమ-కుడి. మార్కెట్లో ఉన్న చవక 7 అంగుళాల ఎల్ఈడీల్లో చాలా భాగం అమెరికా జీపుల కోసం చేసినవి. వాళ్లు కుడిపక్కన నడుపుతారు, డిమ్ వెలుతురు కుడిపక్కకి పైకి లేచేలా ఉంటుంది. మనం ఎడమపక్కన నడుపుతాం, అంటే ఆ లేచిన వెలుతురు సరిగ్గా ఎదురొచ్చేవాడి ముఖం మీద. యూరప్ ఆమోదం ఉన్న లైట్ అయితే గ్లాసు మీద గుండ్రంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన నంబరు ఉంటాయి. ఎడమపక్క ట్రాఫిక్ కోసం చేసినదైతే ఒక బాణం కూడా ఉంటుంది, మీరు లైట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే అది మీ కుడివైపు చూపిస్తుంది. బాణం లేకపోతే మన రోడ్లకు కాదని అర్థం. రెండువైపులా బాణం ఉంటే ఎటైనా వాడుకోవచ్చు.

రెండోది, లోతు. ఎల్ఈడీ వెనక వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ (హీట్ సింక్) ఉంటుంది, కొన్నిటికి ఫ్యాన్ కూడా. పాత డూమ్‌లో అది పట్టదు. పట్టనప్పుడు డూమ్ వెనక కోసేద్దాం అనే మెకానిక్ తయారుగా ఉంటాడు. ఒప్పుకోవద్దు, ఆ డూమే టైరు చిమ్మే బురద లోపలికి రాకుండా ఆపేది.

ఇక రంగు. 6,500 కెల్విన్ నీలి తెలుపు ఫొటోల్లో బాగుంటుంది. వర్షంలో తడిసిన తారు రోడ్డు మీద ఏమీ కనబడదు. దొరికితే 4,300 దగ్గర్లోది తీసుకోండి. ఇంకో సంగతి, ఎల్ఈడీ గ్లాసు వేడెక్కదు కాబట్టి లంబసింగి లాంటి చోట మంచులో గ్లాసు మీద పట్టిన తేమ ఆరదు, ఆగి తుడుచుకోవాలి.

చూడ్డానికి ఎలా ఉంటుందంటే, నల్లటి ముఖంలో నాలుగైదు చిన్న కళ్లున్న ఎల్ఈడీ యూనిట్ 1965 మార్క్ 2 అంబాసిడర్‌కి పెడితే తాతగారికి గాగుల్స్ పెట్టినట్టే. గీతల గ్లాసుతో, క్రోమ్ రిఫ్లెక్టర్‌తో పాత పోలికలు ఉన్న ఎల్ఈడీలు కూడా వస్తున్నాయి. ధర ఎక్కువ.

నా బండికి కరెంటు తయారుచేసేది ఇంకా పాత డైనమోనే, ఆల్టర్నేటర్ కాదు. తట్టుకుంటుందా?

అప్పటి లూకాస్ డైనమోలు పూర్తి వేగంలో ఇచ్చేదే సుమారు 20 ఆంపియర్లు. ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వవు, అప్పుడు లైట్లు బ్యాటరీ మీదే బతుకుతాయి. 55 వాట్ల డిమ్ రెండు కలిపి 9 ఆంపియర్లు, ఇగ్నిషన్, టెయిల్ లైట్లు, వైపర్ కలిపితే అంచుకి వచ్చేస్తారు. హైవే మీద పర్వాలేదు, ఊళ్లో ట్రాఫిక్‌లో రాత్రిపూట గంట ఇరుక్కుంటే బ్యాటరీ దిగిపోతుంది. ఆల్టర్నేటర్ వేసుకుంటే ఈ టెన్షన్ పోతుంది. అది వద్దు, డైనమోనే ఉండాలి అనే ఒరిజినల్ ప్రియులకు తక్కువ కరెంటు తినే మంచి ఎల్ఈడీ యూనిట్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కానీ డైనమో వోల్టేజిని అదుపులో ఉంచే పాత కటౌట్ డబ్బా సరిగ్గా పనిచేస్తోందో లేదో ముందు చూపించండి, వోల్టేజి ఎగిరిపడితే ఎల్ఈడీ లోపలి సర్క్యూట్ తట్టుకోదు.

పాజిటివ్ ఎర్త్ అంటున్నారు, అదేంటి?

బ్రిటిష్ పోలిక ఉన్న చాలా పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. ఫిలమెంట్ బల్బుకి ఎటైనా ఒకటే. ఎల్ఈడీకి కాదు, అది వెలగదు లేదా కాలిపోతుంది. బానెట్ ఎత్తి బ్యాటరీ ఏ టెర్మినల్ తీగ బాడీకి బిగించి ఉందో చూస్తే తేలిపోతుంది.

హెచ్ఐడీ (ఫిలమెంట్ బదులు గ్యాసుతో వెలిగే జినాన్ బల్బు) కిట్లు?

రిఫ్లెక్టర్ లైట్‌లో హెచ్ఐడీ పెట్టడం ఎదుటివాళ్ల మీద పగ తీర్చుకోవడమే. దానికి ప్రొజెక్టర్ లెన్సు ఉండాలి. వదిలేయండి.

చదరపు లైట్లు, వేరే కారు లైట్లు పెట్టించాలని ఉంది. మడ్‌గార్డ్ కొంచెం కోస్తే చాలంటున్నారు.

బండి మీది, ఇష్టం మీది. కానీ ఆ "కొంచెం" సంగతి వినండి. అంబాసిడర్ ముందు మడ్‌గార్డ్‌లో లైట్ చుట్టూ ఉన్న ఆ గుండ్రటి ఒంపే దాని అందమంతా. కోసి, రేకు అతికి, పుట్టీ పూసి చదరం చేశాక మళ్లీ వెనక్కి రావాలంటే వేరే మడ్‌గార్డ్ వెతుక్కోవాలి. అంబాసిడర్‌కైతే విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ రాణిగంజ్‌లోనో, చెన్నై పుదుపేటలోనో తిరిగితే దొరుకుతుందేమో. హెరాల్డ్‌కి ఎక్కడ దొరుకుతుంది? పుట్టీ కింద వెల్డింగు వేసిన చోట తుప్పు మొదలవుతుంది, అది బయటికి కనబడేసరికి చేయిదాటిపోతుంది. అమ్మేటప్పుడు కూడా కొనేవాడు మొదట చూసేది అక్కడే.

ముఖం మారాలన్న కోరికే అయితే బోల్టులతో బిగించి విప్పగలిగేవి చాలా ఉన్నాయి. క్రోమ్ టోపీలు ఉన్నాయి, మధ్యలో మూడు పట్టీలుండే పాత లూకాస్ పీ700 పోలిక లైట్లు ఉన్నాయి. నాకైతే ఆ మూడు పట్టీల లైట్ కంటే అందమైనది లేదు. జాలీ గార్డులు మాత్రం వెలుతురుకి అడ్డం, ఎగ్జిబిషన్‌కి పెట్టుకుని రాత్రి ప్రయాణానికి తీసేయండి.

పసుపు లైట్లు పెడితే పొగమంచులో బాగా కనబడుతుందట కదా?

ఫ్రాన్స్‌లో 1936 నుంచి 1993 దాకా హెడ్‌లైట్లు పసుపే ఉండాలని రూలు ఉండేది, ఆ మోజు అక్కణ్నుంచి వచ్చింది. పసుపు పూత కొంత వెలుతుర్ని తినేస్తుంది. కళ్లకు హాయిగా ఉంటుందనేది చాలామంది మాట, నేనూ కాదనను. కానీ మన రూల్స్‌లో హెడ్‌లైట్ తెల్లగా ఉండాలి. పసుపు కావాలంటే కింద ఫాగ్ ల్యాంపులకు ఉంచుకోండి.

ఆర్టీఓ, పోలీసులు ఏమంటారు?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో సెక్షన్ 182ఏ వచ్చింది, అనుమతి లేని మార్పుకి యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ.

హెడ్‌లైట్ అనేది ఆర్‌సీలో రాసి ఉండదు. అదే సైజులో ఆమోదం ఉన్న హెచ్-4 యూనిట్ పెట్టుకున్నందుకు ఎవరూ పట్టుకున్నట్టు నేను వినలేదు. కానీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ రూలు వేరే ఉంది, లైట్ 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి కొట్టకూడదు అని. కాబట్టి చవక ఎల్ఈడీ బల్బుతో దొరికితే చలాన్ వేసినవాణ్ని తప్పుపట్టలేం. 111వ రూలు ప్రకారం ముందు స్పాట్ లైట్, సెర్చ్ లైట్ కూడా అనుమతి లేకుండా పెట్టకూడదు. పాత బండ్లకు ఆర్‌సీ రెన్యువల్ ఐదేళ్లకోసారి ఉంటుంది కదా, ఇన్‌స్పెక్టర్ లైట్లు చూస్తాడు. ఆరోజుకి పాత యూనిట్లు తగిలించుకుని వెళ్లేవాళ్లున్నారు. అందుకే పాతవి పారేయొద్దు అనేది.

నా బండి 50 ఏళ్లు దాటింది, వింటేజ్ నంబర్ తీసుకుందామనుకుంటున్నా. లైట్లు మారిస్తే ఇబ్బందా?

2021లో వచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని బండికి వీఏ సిరీస్ నంబర్ ఇస్తారు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మడ్‌గార్డ్ కోసి చదరపు లైట్లు పెట్టినవాళ్లకి ఇక్కడ తిప్పలు తప్పవు. గుండ్రటి యూనిట్ మార్చడం అంత పెద్ద విషయం కాదు గానీ, దరఖాస్తుకీ వింటేజ్ ర్యాలీ పోటీలకీ ఒరిజినల్ లైట్లతో వెళ్లడమే మేలు, జడ్జీలు స్క్రూలు కూడా చూస్తారు. ఇంకోటి, ఆ నంబర్‌తో రోజువారీ తిరగడానికి లేదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, రిపేరుకీ, పెట్రోల్‌కీ అంతే. అలాంటి బండికి రాత్రి వెలుతురు కోసం ఇంత ఖర్చు అవసరమా అన్నది ఆలోచించండి.

లైట్లు మార్చాక ఫోకస్ సెట్టింగ్ ఇంట్లో చేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు. చదునైన నేల, ఎదురుగా గోడ ఉంటే చాలు. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, బండిని గోడకి 5 మీటర్ల దూరంలో నిలపండి. నేల నుంచి లైట్ మధ్యభాగం ఎత్తు కొలిచి గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. దానికి 5 సెంటీమీటర్ల కింద ఇంకో గీత. డిమ్ వేసి, వెలుతురు పై అంచు ఆ రెండో గీత మీద ఉండేలా రింగు లోపలి స్క్రూలు తిప్పండి. ఒక లైట్ సరిచేసేటప్పుడు రెండోదాని మీద గుడ్డ కప్పండి. స్క్రూలు తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే నూనె వేసి ఉంచండి, బలవంతం చేస్తే విరుగుతాయి.

అన్నీ సరిగ్గా చేయించాను, గోడ మీద కూడా చూశాను. అయినా ఎదురొచ్చేవాళ్లంతా నాకు డిమ్ కొడుతున్నారు.

వెనక కమాన్ కట్టలు చూడండి. అంబాసిడర్ వెనక సీట్లో నలుగురు, డిక్కీ నిండా సామాను పెట్టి పెళ్లికి బయల్దేరితే, ముసలి కట్టలు కుంగి ముక్కు పైకి లేస్తుంది, దాంతో లైట్లూ లేస్తాయి. ఖాళీ బండితో గోడ మీద చూసుకున్న లెక్క అప్పుడు పనిచేయదు. ఎప్పుడూ నిండా జనంతోనే తిరిగే బండైతే జనాన్ని కూర్చోబెట్టే ఫోకస్ పెట్టుకోండి. ఒంటరిగా వెళ్లినప్పుడు వెలుతురు కొంచెం దగ్గరగా పడుతుంది, దానికి సర్దుకోవచ్చు. కట్టలు మరీ చదునైపోతే కమాన్ పని చేసేవాళ్ల దగ్గర వంపు కొట్టించాలి, అది హెడ్‌లైట్ ఖర్చులోనే కలిపి చూసుకోండి.